చేతిలో పట్టెడు పిండే ఉన్నప్పుడు దేవుడికి ఏమివ్వాలి?

2020 జూన్‌లో ఒక రాత్రి మా పిన్ని ఫోన్ చేసింది. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో ఆయాగా పనిచేసేది. మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ వచ్చింది, స్కూలు మూసేశారు, ఏప్రిల్ నుంచి జీతం లేదు. బాబాయి ఆటో ఇంటి ముందే నిలబడిపోయింది. చేతిలో మిగిలింది 2,400 రూపాయలు. రేషన్ బియ్యం ఉన్నాయి, కందిపప్పు అయిపోయింది. ఎదురింటి వాళ్ల దగ్గర చేబదులు తెచ్చిన నాలుగు వేలు ఇంకా తీర్చలేదు.

"ఒరేయ్ నాన్నా, ఇందులోంచి రెండు వందల నలభై తీసి పక్కన పెట్టకపోతే దేవుడు మమ్మల్ని చూడడా?" అని అడిగింది.

ఆ సాయంత్రం ఎవరిదో ప్రసంగం వింది. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, దేవుడికి ఇవ్వని ఇల్లు శాపం కింద ఉంటుందని, లేమిలో ఉన్నప్పుడు ఇస్తేనే ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయని ఆయన చెప్పాడట. పిన్ని గొంతులో ఉన్నది భక్తి కాదు, భయం. నాకు వెంటనే జవాబు దొరకలేదు. "ప్రార్థన చేద్దాం పిన్నీ" అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట సరిపోలేదని నాకే తెలుసు.

ఆమె అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. దేవుడు తన వాళ్లను పోషిస్తాడా? లేమిలో ఇచ్చేది ఆయనకు ఇష్టమా? ఇచ్చినందుకు ప్రతిఫలంగానే ఆయన పోషిస్తాడా? మొదటి రెండింటికీ బైబిలు అవుననే చెబుతుంది. మూడో ప్రశ్న ఆ రెండింటితో పెనవేసుకుపోయినందువల్లే పిన్నిలాంటి వాళ్లకు నిద్ర పట్టడం లేదు.

ఈ విషయం మాట్లాడే ప్రతివాళ్లూ మొదట బైబిల్లోని సారెపతు విధవరాలి దగ్గరికే వెళ్తారు. మనమూ అక్కడికే వెళ్దాం, కాకపోతే కాస్త నిదానంగా. ఇశ్రాయేలు దేశంలో వానలు లేవు. ఏలీయా ప్రవక్త కెరీతు వాగు దగ్గర దాక్కుని ఉంటే కాకులు రొట్టె, మాంసం తెచ్చి పెట్టాయి. తర్వాత ఆ వాగూ ఎండిపోయింది. దేవుడు అతన్ని సీదోను ప్రాంతంలోని సారెపతుకు వెళ్లమన్నాడు. అది ఇశ్రాయేలు కాదు. బయలు అనే దేవత పూజను ఇశ్రాయేలులోకి తెచ్చిన రాణి యెజెబెలు పుట్టింటి వైపు. ఊరి గవిని దగ్గర ఒక విధవరాలు పుల్లలు ఏరుకుంటోంది. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె, అంతే ఉంది ఆమెకు. రెండు పుల్లలు ఏరుకుని, ఇంటికెళ్లి రొట్టె కాల్చి, తనూ కొడుకూ తిని ఇక చచ్చిపోదామనుకుంటోంది. అలాంటి మనిషిని పట్టుకుని ఏలీయా, ముందు నాకొక చిన్న రొట్టె చేసి తీసుకురా, తర్వాత నీకూ నీ బిడ్డకూ చేసుకో అన్నాడు.

వేదికల మీద ఈ "ముందు నాకు" అన్న మాట బాగా వినిపిస్తుంది. దాని చుట్టూ ఉన్నవి అంతగా వినిపించవు. ఆ మాట అన్న మనిషి చేతిలో కూడా ఏమీ లేదు. ఎండిన వాగు దగ్గర్నుంచి ఆకలితో నడిచొచ్చినవాడు. రొట్టె పట్టుకుని వెళ్లిపోలేదు, ఆ ఇంటి మేడగదిలోనే ఉండి, అదే తొట్టిలోని పిండితో చేసింది తిన్నాడు. పిండి నిండుకుంటే ఆమెతోపాటు తనూ పస్తే. ఆ తొట్టి మీద ఆమె ప్రాణం ఎంత ఆధారపడి ఉందో, అతని ప్రాణమూ అంతే. ఇంకో సంగతి. అతను రొట్టె అడిగిన నోటితోనే మాట కూడా ఇచ్చాడు: భూమ్మీద వాన కురిసేదాకా తొట్టిలో పిండి తరగదు, బుడ్డిలో నూనె అయిపోదు. ఆమె లోబడింది ఆ మాటకు. వేరే ఊళ్లో, వేరే కాలంలో, వేరే మనిషి ఇంకొకరిని అడగడానికి అది ఒక సూత్రంగా పనికొస్తుందా అన్నది మనం ఆగి ఆలోచించాల్సిన విషయం.

ఆమెకు దొరికిందేమిటో కూడా చూడాలి. గాదె నిండలేదు. రెట్టింపు కాలేదు. పట్టెడు పిండి మర్నాటికి కూడా పట్టెడు పిండిగానే ఉంది. ప్రతి పొద్దునా తొట్టి అడుగున చెయ్యి పెడితే ఆ పూటకు సరిపడా తగిలేది. ఆ ఆడమనిషి చెయ్యి తొట్టిలోకి దిగేటప్పుడు రోజూ ఒక్క క్షణం గుండె ఆగి ఉంటుందని నాకు అనిపిస్తుంది. నెలలు గడిచినా అటక మీదికి ఎక్కించే నిల్వ ఏమీ ఉండి ఉండదు. అదే అధ్యాయంలో కాస్త కిందికి వస్తే ఆమె కొడుకు జబ్బు చేసి చనిపోతాడు. ఏలీయా ఆ బిడ్డను ఎత్తుకుని మేడగదికి తీసుకెళ్లి, మీద చాచుకుని పడుకుని ప్రార్థిస్తే ప్రాణం తిరిగొచ్చింది. లోబడి ఇచ్చిన ఇంటికి కష్టం రాదని ఆ కథ ఎక్కడా చెప్పలేదు. కష్టం వచ్చిన రోజున ఆమె ఒంటరిగా లేదని మాత్రం చెప్పింది.

అరణ్యంలో ఇశ్రాయేలు జనానికి దేవుడు రోజూ కురిపించిన ఆహారం, మన్నా సంగతీ అంతే. మనిషికి ఒక ఓమెరు, అంటే ఒక కొలత. ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తగ్గలేదు. రేపటికని దాచినది పురుగు పట్టింది. దేవుడి పోషణ గురించి బైబిలు మాట్లాడే చోట్ల ఎక్కువగా కనిపించే కొలత ఇదే: ఈ రోజుకు చాలినంత.

ఇప్పుడు పిన్నిని భయపెట్టిన మాటకు వద్దాం. అది బైబిల్లో మలాకీ ప్రవక్త గ్రంథం 3వ అధ్యాయం. పదియవ భాగం నిధిలోకి తెండి, ఆకాశపు వాకిళ్లు విప్పి దీవెనలు కుమ్మరిస్తానో లేదో నన్ను శోధించి చూడండి అని దేవుడు అంటాడు. తేకపోవడం దొంగతనమని, దానివల్ల జనం శాపగ్రస్తులయ్యారని కూడా అంటాడు. మాట చాలా గట్టిది, దాన్ని పలచన చేయాలని నాకు లేదు. కానీ అసలు దశమభాగం అంటే ఏమిటో తెలియకుండా ఆ మాట అర్థం కాదు.

మోషే ధర్మశాస్త్రం దశమభాగం అడిగింది పంటలోంచి, పండ్లలోంచి, మందలోంచి. అంటే పొలం, పశువులు ఉన్నవాళ్ల దగ్గర్నుంచి. లేవీయులకు పంచిన భూమి లేదు, దేవాలయపు పనే వాళ్ల పని, అందుకే ఆ భాగం వాళ్ల తిండికి. ద్వితీయోపదేశకాండం ఇంకో మాట చెబుతుంది. మూడేళ్లకోసారి ఆ పదో వంతును ఊళ్లోనే కూడబెట్టాలి, లేవీయులతోపాటు పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు వచ్చి కడుపునిండా తినాలి. అంటే మా పిన్నిలాంటి పరిస్థితిలో ఉన్న మనిషి ఆ రోజుల్లో ఉండి ఉంటే, దశమభాగం తేవాల్సినవాళ్ల వరసలో కంటే దాన్ని తినాల్సినవాళ్ల వరసలో ఉండేది. ఈ ఒక్క సంగతి ఆ రాత్రి నాకు గుర్తొచ్చి ఉంటే బాగుండేది.

మలాకీ చెప్పిన నిధి కూడా డబ్బు పెట్టె కాదు, గింజలు, నూనె, ద్రాక్షారసం నిల్వ చేసే గది. దాదాపు అదే కాలంలో ఆ గదికి ఏమైందో నెహెమ్యా గ్రంథం చివర్లో ఉంది. ఎల్యాషీబు అనే యాజకుడు, గింజలూ కానుకలూ ఉంచే పెద్ద గదిని తన బంధువైన టోబీయాకు బసగా ఇచ్చేశాడు. లేవీయులకు రావాల్సినవి అందక వాళ్లు గుడి పని వదిలేసి పొలాలకు పోయారు. అప్పటి అధిపతి నెహెమ్యా తిరిగొచ్చి టోబీయా సామాన్లు బయట పారేయించి, గది శుద్ధి చేయించాడు. నమ్మకస్తులని పేరున్న మనుషులను లెక్కకూ పంపకానికీ పెట్టాడు. ఇవ్వనివాళ్ల తప్పు ఎంతో, ఇచ్చినదాన్ని దారి మళ్లించినవాళ్ల తప్పు కూడా అంతే పెద్దదిగా ఉంది అక్కడ. మలాకీలోనే దశమభాగం మాటకు ఐదు వచనాలు పైన దేవుడు ఎవరిమీద సాక్ష్యం పలుకుతానన్నాడో చూడండి: కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లు, విధవరాళ్లనూ తండ్రిలేనివాళ్లనూ బాధపెట్టేవాళ్లు, పరదేశికి అన్యాయం చేసేవాళ్లు. పదో వచనం వరకు వెళ్లాలంటే ఐదో వచనం దాటే వెళ్లాలి. జీతాలు ఆపేసిన యజమాని నెలనెలా దశమభాగం కవర్లో పెట్టి ఇచ్చినా, ఆ ఐదో వచనం అతన్ని వదలదు.

అప్పుల్లో ఉన్నవాళ్లకు నేను ఎక్కువగా చెప్పే కథ సారెపతు కాదు, రాజులు రెండో గ్రంథం 4వ అధ్యాయంలోని ఇంకో విధవరాలి కథ. భర్త ప్రవక్తల శిష్యుల్లో ఒకడు, భక్తిగలవాడు, అప్పులు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులనూ బానిసలుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. భక్తిగల ఇంట్లో కూడా ఇలా జరుగుతుందని బైబిలు దాచిపెట్టలేదు. ఆమె ఎలీషా ప్రవక్త దగ్గరికి వెళ్తే ఆయన కానుక అడగలేదు. నీ ఇంట్లో ఏముందని అడిగాడు. నూనె కుండ ఒకటి ఉంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, తలుపు వేసుకుని అందులో పోస్తూ ఉండు అన్నాడు. పాత్రలు ఉన్నంతసేపు నూనె ఆగలేదు. తర్వాత ఎలీషా చెప్పిన మాట ప్రతి కూడికలోనూ చదవాలని నా కోరిక: ఆ నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి. ఆ అద్భుతంలో ప్రవక్త వాటా లేదు. విధేయత అంటే ఆ రోజు ఆమెకు పొరుగింటి తలుపు తట్టి పాత్ర అడగడం, తర్వాత బాకీ తీర్చడం. ఎదురింటి వాళ్లకు నాలుగు వేలు తిరిగివ్వడం కూడా దేవుడికి లోబడటమే. ఆ డబ్బు వాళ్లది.

కొర్బాను గురించి యేసు అన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. తల్లిదండ్రులకు పెట్టాల్సినదాన్ని ఇది దేవుడికి అర్పించేశాను అని చెప్పి తప్పించుకునేవాళ్లను ఆయన గద్దించాడు. మందులు కొనాల్సిన తల్లి ఇంట్లో ఉండగా ఆ డబ్బు కానుక పెట్టెలో వేసి, విశ్వాసంతో ఇచ్చానని చెప్పుకుంటే ఆయన దాన్ని విశ్వాసమని అనలేదు.

అయితే లేనివాళ్లు ఇవ్వనే అక్కర్లేదా? ఇక్కడ నేను చాలాకాలం తడబడ్డాను. పేదవాడికి "నువ్వు ఇవ్వక్కర్లేదులే" అని చెప్పడం దయగానే వినిపిస్తుంది కానీ, అందులో అవమానం కూడా ఉంది. ఇచ్చే చెయ్యి నీది కాదు, ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యే అని చెప్పినట్టు. రోమా చక్రవర్తి క్లౌదియ రోజుల్లో కరువు వస్తే అంతియొకయ సంఘం యూదయలోని విశ్వాసులకు సాయం పంపింది. కొన్నేళ్ల తర్వాత యెరూషలేములోని బీదల కోసం అపొస్తలుడైన పౌలు చందా కూడబెట్టాడు. మాసిదోనియ సంఘాలను అడగడానికే ఆయనకు మనసొప్పలేదేమో అనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లవి నిరుపేద సంఘాలు. కానీ వాళ్లే, మాకూ ఇందులో పాలు కావాలని ఆయన్ను బతిమాలుకున్నారు. శక్తికి మించి ఇచ్చారని పౌలు రాశాడు. తమంతట తామే ఇచ్చారని కూడా రాశాడు. ఆ రెండో మాట తీసేస్తే మొదటి మాట దోపిడీ అవుతుంది.

ఆ ఉత్తరంలోనే, కొరింథు వాళ్లకు రాసిన రెండో పత్రిక 8, 9 అధ్యాయాల్లో, ఈ చిక్కుముడి విప్పే మాటలు దాదాపు అన్నీ ఉన్నాయి. కలిగినదాన్ని బట్టి ఇవ్వాలి, లేనిదాన్ని బట్టి కాదు. ఇతరులకు సుఖం, మీకు శ్రమ కలగాలని కాదు, సమానంగా ఉండాలని. ఇప్పుడు మీ సమృద్ధి వాళ్ల లేమికి, రేపు వాళ్ల సమృద్ధి మీ లేమికి. సణుక్కుంటూ గానీ బలవంతం మీద గానీ వద్దు. విత్తడం, కోయడం గురించి ఆయన చెప్పింది కూడా ఈ మాటల నడుమే. కోత దేనికంటే, ప్రతి మంచి పనికీ మళ్లీ ఇవ్వగలగడానికి. సమానత్వం గురించి చెబుతూ పౌలు మన్నా మాటనే ఎత్తుకున్నాడు: ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తగ్గలేదు. అరణ్యంలో ఆ లెక్క సరిచేసింది దేవుడు నేరుగా. కొరింథులో అది విశ్వాసుల చేతుల మీదుగా జరగాలి. నేను ఇన్నేళ్లలో ఈ విషయంలో గట్టిగా పట్టుకున్నది ఇదొక్కటే. కష్టంలో ఉన్న ఇంటికి దేవుడిచ్చే పోషణ ఎక్కువసార్లు ఇంకొకరి విధేయత గుండా నడిచొస్తుంది. పరాయి దేశం నుంచి వచ్చిన విధవరాలు రూతు పరిగె ఏరుకోగలిగిందంటే, పొలం అంచులు కోయకుండా వదలమన్న ఆజ్ఞకు పొలం యజమాని బోయజు లోబడ్డాడు కాబట్టే. రూతు వంగి ఏరుకోవడమూ విశ్వాసమే, బోయజు వదలడమూ విశ్వాసమే. ఏరుకునేవాళ్లకు మాత్రమే విశ్వాసం గురించి చెప్పి, పొలమున్నవాళ్లకు చెప్పకపోతే ఆ బోధ సగమే.

డబ్బు చేరవేయడంలో పౌలు తీసుకున్న జాగ్రత్త కూడా చెప్పకుండా ఉండలేను. తన ఒక్కడి చేతిలో పెట్టుకోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని తన సహచరుడైన తీతుతో పాటు పంపాడు. ప్రభువు దృష్టికే కాదు, మనుషుల దృష్టికి కూడా సరిగ్గా ఉండాలని కారణం రాశాడు. కానుకల లెక్క అడిగితే విశ్వాసం తక్కువని చూసే చోట ఈ వచనం చదివి వినిపించవచ్చు.

మన నేల మీదే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పెద్ద కరువు పట్టింది, లక్షల మంది పోయారు. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. యువకుడిగా ఉన్నప్పుడు సర్వే పని నేర్చుకున్నవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చాడు. ఎక్కువమంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడి తవ్వించారు. తవ్వినవాళ్లకు కూలి చేతికందింది. ఆ రోజుల్లో వేల మంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం చేతిలో ఉన్నంతకాలం, రొట్టె కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో వాళ్లకే తెలియని పరిస్థితి రాకూడదని నెలల తరబడి ఆపాడు. సాయం పని ముగిశాక, చేతిలో పంచడానికేమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఆ సంఖ్యను చాలామంది గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ ముందు నెలల్లో ఆయన "ఇప్పుడు కాదు" అన్న మాటే పెద్దదిగా కనిపిస్తుంది. ఆకలికీ విశ్వాసానికీ మధ్య బేరం కుదరనివ్వలేదు. ఇవ్వు, దేవుడు ఇస్తాడు అని ఆకలిగా ఉన్నవాడితో చెప్పేటప్పుడు మనం కుదిరిస్తున్నది సరిగ్గా ఆ బేరమే.

లేమిలో ఇవ్వడం ఎలా ఉంటుందో నేను చూసింది ప్రసంగాల్లో కాదు, మా అమ్మ వంటింట్లో. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే బియ్యం కడగబోయే ముందు గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న పాత పాలపొడి డబ్బాలో వేసేది. ఆ పూట గ్లాసు బియ్యమైనా, అరగ్లాసైనా అంతే. డబ్బా మూతకు సొట్ట ఉండేది, తీసినప్పుడల్లా టక్కుమని చప్పుడు. నెలకోసారి స్త్రీల సమాజం వాళ్లు సంచి పట్టుకుని వచ్చేవాళ్లు. దోర్నకల్లు బిషప్ అజరయ్య గారి రోజుల నుంచీ మన పల్లె సంఘాల్లో ఇలాంటి ఇవ్వడం ఉంది. మిజోరంలో 1910లో మొదలైన పిడికెడు బియ్యం ఈ రోజుకీ నడుస్తోంది. అక్కడ ఆ మరుసటి ఏడాదే వెదురు పూసి, ఎలుకలు పెరిగి, పంట పోయి కరువొచ్చింది. అయినా ఆ పిడికెడు ఆగిపోలేదు.

పిడికెడు బియ్యంలో ఉన్న మంచి ఏమిటంటే అది శాతం కాదు. ఆ ఇంట్లో ఆ పూట వండే అన్నంలోంచి వస్తుంది. పిడికిలి ఎంత బిగించాలో ఎవరూ చూడరు. తిరిగి ఏం వస్తుందని అమ్మ ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. "మనకంటే లేనివాళ్లుంటార్రా" అనేది, అంతే. ఒక ఏడాది నాన్నకు పని పోయి మేమే ఆ లేనివాళ్లమయ్యాం. ఆ నెల సంచి పట్టుకుని వచ్చినవాళ్లు తీసుకెళ్లడానికి బదులు మా గడపలో దింపి వెళ్లారు. అమ్మ తలుపు చాటున నిలబడి ఏడ్చింది. సంచిలో బియ్యం ఒక రకానివి కాదు. దొడ్డువి, సన్నవి, రేషన్‌వి అన్నీ కలిసి ఉన్నాయి. ఏ పిడికెడు ఎవరి ఇంటిదో తెలియదు. వండితే కొన్ని మెతుకులు ముందే ఉడికేవి, కొన్ని పలుకుగా ఉండేవి.

పిన్నికి మూడో రోజు మళ్లీ ఫోన్ చేశాను. ఇక్కడ రాసినదంతా చెప్పలేదు. శాపం మాట నీకు కాదు పిన్నీ అన్నాను. అప్పు తీర్చడం కూడా ఆయనకు లోబడటమే అన్నాను. ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, భయంతో మాత్రం ఇవ్వకు అన్నాను. మీ సంఘంలో పెద్దలకు మీ ఇంటి సంగతి చెప్పావా అని అడిగితే లేదంది, సిగ్గేసిందట. చెప్పమన్నాను. ఆమె చెప్పడానికి ఇంకో వారం పట్టింది. ఖాళీ పాత్ర అడగడానికి పొరుగింటి తలుపు తట్టడం ఎంత కష్టమో నాకు అప్పుడు అర్థమైంది. సంఘంలో ఇద్దరు కలిసి పప్పు, నూనె, రెండు నెలల కరెంటు బిల్లు చూసుకున్నారు.

ఎదురింటి బాకీ తీరడానికి పిన్నికి ఆ ఏడాది డిసెంబరు దాకా పట్టింది, ఐదు వందల చొప్పున. ఆ మధ్యలో వాళ్లింటికి వెళ్తే గూట్లో ఒక హార్లిక్స్ సీసా కనిపించింది, అడుగున రెండంగుళాల మేర రేషన్ బియ్యం. ఎవరికని అడిగాను. వెనక వీధిలో భవన నిర్మాణం పనికి ఒడిశా నుంచి వచ్చి చిక్కుకుపోయిన కుటుంబం ఉందట, వాళ్లకని చెప్పి, సీసా మూత బిగించి లోపలికి జరిపింది.